కస్టమ్ క్లారినెట్ మౌత్‌పీస్ కొనేవాళ్లకు హెచ్చరిక: ట్రయల్ గడువు పేరుతో ఆడే ఆట

కస్టమ్ క్లారినెట్ మౌత్‌పీస్ చేయించుకోవాలని చూస్తున్నవాళ్లు డబ్బు కట్టకముందే ఇది చదవండి. నాకు లోపమున్న మౌత్‌పీస్ అంటగట్టిన మేకర్ పేరు రాయడం లేదు, గొడవ ఇంకా తేలలేదు కాబట్టి. అయినా పేరు తెలిస్తే ఆ ఒక్కరి దగ్గర తప్పించుకుంటారు, అంతే. వాళ్లు వేసిన ఎత్తు తెలిస్తే ఎవరి దగ్గరైనా పనికొస్తుంది.

ఎత్తు ఏమిటంటే, మౌత్‌పీస్‌లో లోపం ఉంటుంది. మీరు ఫిర్యాదు చేస్తారు. వాళ్లు కాదనరు, డబ్బు వాపసు ఇవ్వమనీ అనరు. ఎంతో మర్యాదగా, రీడ్ (మౌత్‌పీస్‌కి బిగించి ఊదితే కంపించే పలచటి రెల్లు పట్టీ) మార్చి చూడమంటారు. ఆ తర్వాత రీడ్‌ని బిగించి పట్టే లిగేచర్ మార్చమంటారు. ఆ తర్వాత మౌత్‌పీస్ కింద అమరే పొట్టి గొట్టం, బ్యారెల్. చివరికి మీ పెదవుల పట్టులోనే ఏదో తేడా ఉందంటారు. ప్రతి సలహా పాటించి చూడటానికి కొన్ని రోజులు పడుతుంది, వాళ్లు జవాబివ్వడానికి ఇంకొన్ని రోజులు. ఈలోగా ట్రయల్ గడువు, అంటే వాడి చూసి నచ్చకపోతే తిప్పి పంపే గడువు, దాటిపోతుంది. దాటాక చూడాలి వాళ్ల మాట తీరు!

నేను కోరినవి గొంతెమ్మ కోరికలేం కావు. అప్పటికి నేను వాడుతున్నది వాండోరెన్ కంపెనీ 5ఆర్‌వీ లైర్ మౌత్‌పీస్. దాని టిప్ ఓపెనింగ్, అంటే మౌత్‌పీస్ కొసకీ రీడ్ కొసకీ మధ్య సందు, 1.09 మిల్లీమీటర్లు. దానికి దగ్గరగా 1.10 పెట్టమన్నాను. ఫేసింగ్ (రీడ్ నుంచి కొస వైపు దూరమయ్యే వంపు) పొడవు మధ్యస్థంగా ఉండాలి, కింది స్వరాల్లో శబ్దం ఇంకాస్త నిండుగా ఉండాలి, ఎ స్వరం 440 హెర్ట్జ్‌గా శ్రుతి కలవాలి. నా క్లారినెట్ మోడల్, దాని బ్యారెల్ పొడవు, నేను వాడే రీడ్ మూడున్నర నంబర్ (నంబర్ పెరిగేకొద్దీ రీడ్ గట్టిది) అని అన్నీ రాసిచ్చాను. అటు నుంచి కూడా ప్రశ్నలు బాగానే వచ్చాయి. గట్టి రబ్బరు కడ్డీ నుంచి మొదటి నుంచి చివరి దాకా తామే చెక్కుతామని, అచ్చు పోసిన సరుకు ముట్టుకోమని చెప్పారు. నమ్మడానికి ఇంతకన్నా ఏం కావాలి?

వచ్చిన మౌత్‌పీస్ చూడ్డానికి ముచ్చటగానే ఉంది. నల్లగా నిగనిగలాడుతోంది, చెక్కిన అక్షరాలు, మంచి డబ్బా. రీడ్ పెట్టి ఊదితే మాత్రం సగం గాలే వినపడింది. పాత మౌత్‌పీస్ మీద హాయిగా పలికే రీడ్ దీని మీద కదలనంటుంది. కాసేపటికే దవడ లాగేసింది. రెండున్నర రీడ్‌కి దిగితే పలికింది గానీ, పైకి వెళ్లేకొద్దీ శబ్దం పలచబడిపోయింది. కింది శ్రేణి చివర ఉండే థ్రోట్ నోట్స్‌లోని బి ఫ్లాట్ నుంచి పైనున్న బికి, అంటే పై శ్రేణిలోకి మారే 'బ్రేక్' దాటేటప్పుడు కీచుమనడం మామూలైపోయింది. పైగా బ్యారెల్ పూర్తిగా లోపలికి నెట్టినా శ్రుతి కిందే ఉంది, థ్రోట్ నోట్స్ మరీ కింద. శ్రుతి పైన ఉంటే బ్యారెల్ కొంచెం బయటికి లాగి సర్దుకోవచ్చు. కింద ఉంటే నెట్టడానికి చోటే ఉండదు.

ఈ లక్షణాలను బట్టి టిప్ నేను అడిగినదానికన్నా ఎక్కువ తెరుచుకుని ఉందని అప్పుడే అనుమానం వచ్చింది. టిప్ ఎంత వెడల్పుగా ఉంటే రీడ్ అంత దూరం వంగి కొట్టుకోవాలి. అందుకే వెడల్పు టిప్‌కి మెత్తటి రీడ్, ఇరుకు టిప్‌కి గట్టి రీడ్ వాడతారు. ఇదే మాట వాళ్లకు రాశాను. జవాబు: "కొత్త ఫేసింగ్‌కి మీ నోరు అలవాటు పడాలి, వేరే కంపెనీ రీడ్లు వాడి చూడండి." వాడాను. "మెటల్ లిగేచర్ తీసేసి తోలుది పెట్టండి." పెట్టాను. శ్రుతి సంగతి అడిగితే 64 మిల్లీమీటర్ల పొట్టి బ్యారెల్ కొనుక్కోమన్నారు. ఆ బ్యారెల్ కూడా వాళ్లే అమ్ముతారు! మామూలుగా బి ఫ్లాట్ క్లారినెట్ బ్యారెల్ 65, 66 మిల్లీమీటర్లు ఉంటుంది, నాదీ అంతే, ఆ కొలత ఆర్డర్‌లోనే ఉంది. దానికి సరిపోయేలా చేస్తామని డబ్బు తీసుకున్నవాళ్లు, ఇప్పుడు నా వాయిద్యాన్నే మౌత్‌పీస్‌కి తగ్గట్టు మార్చుకోమంటున్నారన్నమాట.

చివరికి మౌత్‌పీస్‌లు రీఫేసింగ్ చేసే, అంటే ఫేసింగ్‌ని అరగదీసి సరిదిద్దే ఒక టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. ముట్టుకోవద్దు, కొలిస్తే చాలన్నాను. కొలిచే పద్ధతి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. గీతలు గీసిన చిన్న గాజు పలక ఒకటి ఉంటుంది. దాన్ని మౌత్‌పీస్ టేబుల్ మీద, అంటే రీడ్ ఆనే చదును భాగం మీద పెట్టి, టిప్ వైపు నుంచి పలచటి ఉక్కు రేకును, అదే ఫీలర్ గేజ్‌ను, లోపలికి దూరుస్తారు. రేకు ఎక్కడ ఆగిందో గాజు మీద గీతల్లో చదువుతారు. ఒక్కో గీత అర మిల్లీమీటరు. అన్నిటికన్నా పలచటి రేకు ఎడమ రెయిల్ (రీడ్ ఆనే రెండు పక్క అంచుల్లో ఒకటి) మీద 36 దగ్గర ఆగింది, కుడి రెయిల్ మీద 32 దగ్గర. అంటే ఒకవైపు ఫేసింగ్ 18 మిల్లీమీటర్లు, రెండోవైపు 16. రీడ్ ఒక అంచు ముందు మూసుకుంటుంది, రెండోది తర్వాత. మందం రేకులు మార్చి చూసినా ఇదే వంకర. ఇక టిప్ ఓపెనింగ్ 1.21 మిల్లీమీటర్లు.

ఈ అంకె ఎంత పెద్ద తేడానో కొత్తవాళ్లకు తెలియకపోవచ్చు, వందో వంతు మిల్లీమీటర్ల లెక్క కాబట్టి. వాండోరెన్ పట్టికే చూడండి. 5ఆర్‌వీ లైర్ 1.09, ఎమ్30 1.15, బి45 1.195. నేను లైర్ పక్కన నిలబడేది అడిగితే బి45ని కూడా దాటిపోయింది చేతికొచ్చింది. దీన్ని "అలవాటు పడాల్సిన తేడా" అనడం ఏం న్యాయం?

కొలతలు ఫొటోలతో సహా పంపాక మొదటిసారి వాళ్ల నుంచి వేగంగా జవాబు వచ్చింది. రెయిల్స్ తేడా కావాలనే పెట్టారట. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కొందరు మంచి మేకర్లు నిజంగానే రెండు రెయిల్స్ మధ్య చిన్న తేడా పెడతారు. పాత మౌత్‌పీస్‌లలో కొలతకు వంకరగా ఉండి అద్భుతంగా పలికేవి కూడా ఉన్నాయి. కాబట్టి వంకర కనపడగానే దొంగ సరుకని అనేయలేం. కానీ కావాలని చేసినవాళ్లు ముందే చెబుతారు కదా. కొలిచాక గుర్తొచ్చిందంటే అది డిజైన్ కాదు, సాకు. టిప్ గురించి అడిగితే "మా గేజ్ వేరు" అన్నారు. 0.11 మిల్లీమీటరు తేడా చూపించే గేజ్ ఏదో వాళ్లే చెప్పాలి.

అన్నిటికన్నా మంట పుట్టించిన మాట ఇంకోటి. ఫొటోలో మౌత్‌పీస్ కొంచెం గోధుమ రంగులో కనపడుతోందని, నేను వేడి నీళ్లతో కడిగి పాడు చేశానని, కాబట్టి వాపసు కుదరదని రాశారు. నేను ఎప్పుడూ గోరువెచ్చటి నీళ్లు కూడా వాడలేదు. మౌత్‌పీస్ చేసే ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. వేడి నీళ్లు తగిలితే రంగు మారుతుంది, వంకర కూడా పోవచ్చు, అది నిజమే. వెలుతురు తగిలినా నెమ్మదిగా ఆకుపచ్చ, గోధుమ ఛాయ వస్తుంది, అదీ నిజమే. అదృష్టం కొద్దీ డబ్బా తెరిచిన రోజు పగటి వెలుగులో తీసిన ఫొటోల్లో అదే రంగు ఉంది. ఆ ఫొటోలు లేకపోతే నా నోరు అక్కడితో మూతపడేది. మీరూ పార్సెల్ విప్పగానే తీసి పెట్టుకోండి: టేబుల్, టిప్, రెండు రెయిల్స్, లోపలి ఛాంబర్ (గాలి వెళ్లే బోలు భాగం), వెనక కార్క్ ఉండే చివర. పంటి గాట్లు పడకుండా పైన పలచటి ప్యాచ్ అంటించుకోండి, అయితే అంటించవచ్చా అని ముందు మెయిల్‌లో అడిగి మరీ. దాన్ని కూడా "మార్పు చేశారు" అని లెక్కగట్టేవాళ్లు ఉన్నారు.

ఇక "మొదటి నుంచి చెక్కుతాం" అన్న మాట. టెక్నీషియన్ లైట్ వేసి భూతద్దంలో ఛాంబర్ గోడ చూపించారు. కిందికంటా అచ్చు అతుకు గీత సన్నగా కనపడుతోంది. అంటే ఎక్కడో ఫ్యాక్టరీలో అచ్చు పోసిన బ్లాంక్, అంటే ఇంకా తీర్చిదిద్దని మౌత్‌పీస్ తెచ్చి, పైన ఫేసింగ్ మాత్రం వేశారు. బ్లాంక్ వాడటం తప్పని నేననను. పేరున్న మేకర్లలో చాలామంది చేసేది అదే. ఈనాటికీ వెతుక్కుని కొనే అమెరికన్ మేకర్ ఫ్రాంక్ కాస్పర్ పాత మౌత్‌పీస్‌లలో చాలా వరకు ఫ్రాన్స్ నుంచి వచ్చిన షెడ్‌విల్ కంపెనీ బ్లాంకుల మీద చేసినవే. గొప్పదనం బ్లాంక్‌ని ఎంత ఓపిగ్గా సరిదిద్దారన్నదాంట్లో ఉంది. కానీ కడ్డీ నుంచి చెక్కినదానికి డబ్బు తీసుకుని అచ్చు సరుకు ఇవ్వడాన్ని మోసం అనే అంటారు. నా దాంట్లో బాఫిల్‌ని (టిప్ వెనక రీడ్‌కి ఎదురుగా ఉండే లోపలి వాలు) గానీ ఛాంబర్‌ని గానీ ఎవరూ తాకిన ఆనవాలే లేదు. శ్రుతి కిందికి ఎందుకు పోయిందో అక్కడే తెలుస్తోంది. లోపలి ఖాళీ ఎక్కువైతే శ్రుతి దిగుతుంది, చిన్న గొట్టంతో పలికే థ్రోట్ నోట్స్ మీద ఆ ప్రభావం ఎక్కువ.

కాబట్టి డబ్బు కట్టేముందు నాలుగు సంగతులు మెయిల్‌లో రాయించుకోండి, ఫోన్ మాటలు లెక్కలోకి రావు. టిప్ ఓపెనింగ్ ఎంత, ఎంత తేడా వరకు సరే అంటారు. ఫేసింగ్ పొడవు రెండు రెయిల్స్‌కీ విడివిడిగా ఎంత. బ్లాంకా, కడ్డీయా, బ్లాంకయితే లోపల ఏం పని చేస్తారు. ట్రయల్ గడువు ఏ రోజు నుంచి ఏ రోజు వరకు, ఫిర్యాదు పెట్టిన రోజు నుంచి ఆ గడియారం ఆగుతుందా లేదా. ఈ చివరిదే అసలు కీలకం. "ఆగుతుంది" అని రాసివ్వని మేకర్ దగ్గర కొనకండి, ఎంత పేరున్నా సరే. తిప్పి పంపితే శుభ్రం చేసే ఖర్చు కోసుకోవడం న్యాయమే, నోట్లో పెట్టుకునే వస్తువు కదా. అది ఎంతో మాత్రం ముందే అడగండి.

మీ క్లారినెట్ బోర్, అంటే లోపలి గొట్టం వెడల్పు, సంగతి కూడా స్పష్టంగా చెప్పండి. ఫ్రెంచ్ బోర్ మౌత్‌పీస్ తీసుకెళ్లి పాత బూసీ అండ్ హాక్స్ 1010 లాంటి వెడల్పు బోర్ క్లారినెట్‌కి పెడితే, ఎంత గొప్ప మేకర్ చేసినా శ్రుతి కలవదు. అలాగే శ్రుతి 440 హెర్ట్జ్‌కా, 442కా అన్న తేడా. వాండోరెన్ 13 సిరీస్ వచ్చిందే 440 కోసం. ఇవి మీరు చెప్పకపోతే తప్పంతా మీ మీదికి నెట్టేస్తారు.

వస్తువు చేతికొచ్చాక ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. మంచి రీడ్ తడిపి బిగించి, మౌత్‌పీస్ కింది రంధ్రాన్ని అరచేత్తో మూసి, గాలి లోపలికి పీల్చి నోరు తీసేయండి. రీడ్ రెండు రెయిల్స్‌కీ అంటుకుని ఒకటి రెండు సెకన్లు ఆగి టప్‌మని విడిపోవాలి. వెంటనే వదిలేస్తే ఎక్కడో గాలి లీక్ అవుతున్నట్టే. రీడ్ వంకరపోయినా ఇలాగే అవుతుంది కాబట్టి అదే రీడ్‌ని పాత మౌత్‌పీస్ మీద పెట్టి సరిచూసుకోండి. నా రీడ్లు పాతదాని మీద చక్కగా ఆగాయి, కొత్తదాని మీద ఒక్కటీ ఆగలేదు. అయితే ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన మౌత్‌పీస్ మంచిదని కాదు. టిప్ ఎంతో ఇది చెప్పదు. కొలిపించుకోవాల్సిందే, అదీ మొదటి వారంలోనే.

కోపంతో వేరేవాళ్ల చేత మౌత్‌పీస్‌ని అరగదీయించకండి. ఒక్కసారి ఇంకొకరి చెయ్యి పడితే వాపసు మాట మర్చిపోవచ్చు. మేకరే "పంపండి, సరిచేస్తాం" అంటే పంపండి గానీ, గడువు పొడిగిస్తున్నట్టు రాతపూర్వకంగా తీసుకున్నాకే. రీఫేసింగ్‌లో రబ్బరు తీసేయడమే ఉంటుంది, కలపడం ఉండదు. ఇరుకు టిప్‌ని వెడల్పు చేయడం తేలిక. వెడల్పయినదాన్ని తగ్గించాలంటే టేబుల్‌ని అరగదీసి ఫేసింగ్ మళ్లీ మొదటి నుంచి వేయాలి. నా దాని విషయంలో టెక్నీషియన్ చెప్పింది అదే: టిప్ తగ్గించవచ్చు, రెయిల్స్ సమం చేయవచ్చు, ఛాంబర్ మాత్రం ఏమీ చేయలేం, శ్రుతి అలాగే ఉంటుంది.

కొలతల కాగితం, మొదటి రోజు ఫొటోలు, "కడ్డీ నుంచి చెక్కుతాం" అన్న వాళ్ల మెయిల్ జత చేసి కార్డ్ బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టాను. బ్యాంకు వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, మొదటి ఫిర్యాదు ట్రయల్ గడువులోపే పెట్టారా అని. పెట్టాను, తేదీతో సహా మెయిల్ ఉంది. మేకర్ నుంచి ఇంకా సమాధానం రాలేదట. మౌత్‌పీస్‌ని డబ్బాలో అలాగే ఉంచాను, ఎవరైనా కొలిచి చూస్తామంటే అభ్యంతరం లేదు.