అమ్మా, అమ్మలా: ద్వారకానగర్‌లో ఒక జర్మన్ తరగతి

విశాఖపట్నం ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, ఒక మేడమీద జరిగే జర్మన్ ఏ1 (మొట్టమొదటి స్థాయి) తరగతిలో నేను మూడు నెలలు చదువుకున్నాను. రుసుము 12,000 రూపాయలు. వ్యాకరణం అన్నిచోట్లా చెప్పినట్టే చెప్పారు కనుక దాని గురించి రాయవలసింది పెద్దగా లేదు. నాకు నచ్చింది, రోజూ మొదటి 20 నిమిషాలు ఎవరినీ నోరు మెదపనివ్వకుండా చేయించే వినికిడి సాధన.

జర్మన్‌లో 'ముట్టర్' అంటే అమ్మ. అందులోని ఉకారాన్ని, పెదవులు గుండ్రంగానే ఉంచి నాలుకను 'ఇ' పలికే చోటికి జరిపి పలికితే, ఆ మాటకు అమ్మలు అని అర్థం. మొదటి రోజు 20 మాటలు వినిపించి ఏది ఏదో చెప్పమంటే నేను 11 సరిగ్గా చెప్పాను. నాణెం ఎగరేసి చెప్పినా దాదాపు అన్నే వచ్చేవి. 'మిటె' అంటే మధ్య, 'మీటె' అంటే అద్దె అనే జత వచ్చేసరికి మాత్రం ఎవరూ తడబడలేదు, ఎందుకంటే 'కల'కూ 'కాల'కూ తేడా వింటూ పెరిగిన చెవులు మనవి. పసివాళ్లకు ఈ ఇబ్బంది ఉండదని మేడమ్‌గారు చెప్పారు. 1984లో వెర్కర్, టీస్ ప్రచురించిన పరిశోధనలో, ఇంగ్లీషు వింటూ పెరుగుతున్న 6-8 నెలల పిల్లలు హిందీ త-ట తేడాను పట్టుకోగలిగారు. 10-12 నెలల వయసుకు చాలామందిలో ఆ నేర్పు తగ్గిపోయింది.

ఒకే గొంతు వింటే ఆ మనిషి పలుకుబడికే అలవాటు పడతామని, ఆడ, మగ, ముసలి, పిల్లల గొంతులన్నీ కలిపి వినిపించేవారు. ఆరో వారానికి నా లెక్క 17కి చేరింది. చర్చిని, చెర్రీపండును సూచించే, 'కిర్'తో మొదలయ్యే మాటల జత మాత్రం ఇప్పటికీ లొంగలేదు. ఎవరైనా చర్చికి వెళ్దామంటే నాకు పండే వినిపిస్తుంది.

ఇంత శ్రద్ధ పెట్టినవారు అచ్చువేసి ఇచ్చిన నోట్సులో ఆ అమ్మలను 'మ్యూట్టర్' అని తెలుగు లిపిలో రాయడం నాకు అర్థం కాలేదు. నా పక్కన కూర్చునే నర్సమ్మాయి ఆ 'మ్యూ'ను కంఠస్థం చేసి, వదిలించుకోవడానికి నెల రోజులు తంటాలు పడింది. పద్నాలుగు మందికి ఎనిమిది హెడ్‌ఫోన్లే ఉండడంతో మిగిలినవారు స్పీకరులో, రోడ్డుమీది హారన్ల మధ్య వినవలసి వచ్చేది. చేరదలచినవారు సొంత హెడ్‌ఫోన్లు తీసుకెళ్లి, ఉదయం ఏడు గంటల బ్యాచ్ అడగడం మంచిది.