అయ్యంగార్ బోర్డు ఒకటే, భట్టీలు వేరు

మహబూబ్‌నగర్ చుట్టూ ఏ కొత్త కాలనీ లేచినా, మెడికల్ షాపు పక్కపొంటి బెంగళూరు అయ్యంగార్ బేకరీ ఒకటి వస్తది. అన్నీ ఒకే ఇంటోళ్ల దుకాణాలేమో అనిపిస్తది. కాదు. కర్ణాటకల హాసన్ దిక్కు నుంచి పోయిన అయ్యంగార్లు 1898ల బెంగళూరు చిక్‌పేటల పెట్టిన బేకరీతోని మొదలైన పద్ధతి ఇది. ఇప్పుడు ఆ పేరు ఎవరు పడితే వాళ్లు రాయించుకుంటున్నరు. పాత పద్ధతిల గుడ్డు ముట్టరు. మన దగ్గర అదే బోర్డు కింద ఎగ్ పఫ్‌లే ముందు అయిపోతయి! తప్పేం లేదు గానీ, గుడ్డు తినని ఇంటికి కేకు కొంటే బోర్డును నమ్మకుండా నోరు తెరిచి అడగాలె. విడి ముక్క మీద ఆకుపచ్చ చుక్క ఉండదు.

మొదట బ్రెడ్డు ప్యాకెట్ తిప్పి చూడుర్రి. తయారీ అడ్రస్ హైదరాబాద్‌ది అయితే మాలు వ్యాన్ల వస్తున్నట్టే. అడ్రస్ అదే కాలనీది అయితే ఎనుక భట్టీ ఉన్నట్టు.

తర్వాత ఖారా బన్ అడగాలె. "నాలుగు గంటలకు రా అన్నా, దింపుతం" అంటే ఆ మాస్టర్‌కు పని తెలుసు. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర పిండిలనే కలిపి కాల్చే బన్ను ఇది. విరిస్తే పోగులు పోగులుగా రావాలె. నడుమ జిగటగా ఉంటే ఉల్లిగడ్డ నీళ్లు పిండకుండా వేసిన్రు, లేకుంటే తొందరపడి భట్టీల నుంచి తీసిన్రు. కల్లు వాసన కొడితే పిండి మరీ పులిసింది. ఇంట్ల వేడి చేయాల్నంటే సగానికి కోసి, కోసిన దిక్కు వెన్న రాసి, పెనం మీద సన్నమంటకు రెండు నిమిషాలు బోర్లేస్తే చాలు. మైక్రోవేవ్‌ల పెడితే రబ్బరు లెక్క సాగుతది.

హనీ కేకు అన్నిచోట్లా దొరుకుతది, మంచిది మాత్రం తక్కువ. ఏనుగొండ దిక్కు ఒక చిన్న దుకాణంల మాస్టర్ కేకుకు ఫోర్కుతోని అంతటా పొడిచి, పాకం చెంచాతోని కొద్దికొద్దిగా పోస్తడు. అది ఇంకినంక జాము రాసి, పైన కొబ్బరి పొడి చల్లుతడు. అందుకే ముక్క అడుగు నుంచి మీది దాకా ఒకే తడి. పాకం ఒక్కసారే కుమ్మరిస్తే అడుగు ముద్దయి, మీద పొడిపొడిగా మిగులుతది. గుడ్డు లేని కేకు పొంగనీకె సోడా వాడుతరు. అది ఎక్కువైతే సబ్బు రుచి వస్తది, లోపల రంగు కూడా మాడినట్టు ముదురుతది.

దిల్‌పసంద్ అంటే లోపల తీపి కొబ్బరి నింపి కాల్చే రొట్టె. కోసిన ముక్కనే తీసుకోవాలె, లోపల ఏముందో కనబడుతది. కొబ్బరి, చక్కెర, టూటీఫ్రూటీ అంచుల దాకా ఉండాలె. కొబ్బరి పాత నూనె వాసన వస్తే వదిలేయుర్రి.

పఫ్‌లకు ఎండకాలం గండం. మైదా మడతల నడుమ పెట్టిన కొవ్వు గట్టిగా ఉంటెనే పొరలు విడుతయి. మే నెల పాలమూరు ఎండకు అది భట్టీ ఎక్కకముందే కరిగి పిండిల కలిసిపోతది, పఫ్ బిస్కెట్ అయితది. తెలిసిన మాస్టర్ తెల్లారకముందే మడతలు వేసి ఫ్రిజ్‌ల పెడుతడు. లోపలి ఆలుగడ్డ కూర కూడా వేడికి పొద్దుమీకేసరికి పులుస్తది. ఆ నెలల్ల రాత్రి పఫ్ జోలికి పోవొద్దు.

నిప్పట్టు (కారం చెక్కలు), బెన్నె (వెన్న) బిస్కెట్ నిల్వ సరుకు, ఎక్కడైనా ఫర్వాలేదు. పుట్టినరోజు క్రీం కేకులు మాత్రం డాల్డా లెక్క అంగిట్ల అతుక్కుంటయి. వాటికి ఈ బేకరీల దాకా పోవుడు దండుగ.