లిస్బన్‌లో అడగని చీజ్‌కి తొమ్మిదిన్నర యూరోలు

లిస్బన్ మంచి ఊరు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కానీ మొదటి రాత్రి మాకు జరిగింది చెప్పకుండా మిగతాది రాయబుద్ధి కావడం లేదు.

2024 అక్టోబరు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న మా అబ్బాయికి సెలవు దొరకలేదు. "మీరిద్దరే వెళ్లి రండి" అని టికెట్లు, గది బుక్ చేసి పంపేశాడు. బుధవారం సాయంత్రం దిగేసరికి ఇద్దరం ఆకలి మీద ఉన్నాం. ఊరి మధ్యలో బైషా అనే పేట. అక్కడ కార్లు తిరగని ఒక వీధి నిండా హోటళ్లే. ప్రతి హోటల్ ముందూ మెనూ కార్డు పట్టుకుని ఒక మనిషి నిలబడి పిలుస్తుంటాడు. ఒకడు మమ్మల్ని చూసి "నమస్తే" అన్నాడు. మా ఆయన ఆ ఒక్క నమస్తేకి పడిపోయారు.

కూర్చున్నామో లేదో బ్రెడ్డు, ఆలివ్ కాయలు, అరచేతిలో పట్టేంత గుండ్రటి చీజ్ తెచ్చి పెట్టాడు. మన హోటళ్లలో కూర్చోగానే మంచినీళ్లూ ఉల్లిపాయ ముక్కలూ పెడతారు కదా, అలాంటిదే అనుకున్నాం. ఆకలికి బ్రెడ్డూ ఆలివ్‌లూ తిన్నాం. చీజ్ వాసన నాకు పడలేదు, ముట్టుకోలేదు. తర్వాత ఐసు మీద పరిచిన చేపల దగ్గరికి తీసుకెళ్లి, ఒకటి ఎత్తి చూపించి "ఫ్రెష్, ఫ్రెష్" అన్నాడు. సరే అన్నాం. మెనూలో ఆ చేప ధర పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో కేజీకి అని ఉందన్న సంగతి బిల్లు వచ్చాక తెలిసింది.

బిల్లు 69.20 యూరోలు. మన డబ్బుల్లో ఆరు వేల మూడొందల పైమాట. మా ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి అక్కడే రాసుకున్నారు: చేప 900 గ్రాములు 43.20, బ్రెడ్డు ఇద్దరికీ కలిపి 5, ఆలివ్‌లు 3, చీజ్ 9.50, నీళ్లు 3.50, ఆయన తాగిన ఒక గ్లాసు వైన్ 5. చేప సంగతి మా తెలివితక్కువే, ఒప్పుకుంటాను. కానీ చీజ్? ముట్టుకోని చీజ్‌కి తొమ్మిదిన్నర యూరోలా? అడిగితే నమస్తే పెట్టిన మనిషికి ఇంగ్లిష్ రావడం మానేసింది.

"పోనీలెద్దూ, పరాయి దేశంలో గొడవెందుకు" అని మా ఆయన కార్డు తీశారు. నాకు ఒళ్లు మండింది. డబ్బులు కట్టే బల్ల వెనక గోడ మీద ఒక నోటీసు కనిపించింది. ఈ హోటల్‌లో ఫిర్యాదుల పుస్తకం ఉంది అని ఇంగ్లిష్‌లో కూడా రాసి ఉంది. ముప్పై ఏళ్లు బ్యాంకులో పని చేసినదాన్ని. కంప్లెయింట్ రిజిస్టర్ అడిగిన కస్టమర్ని చూస్తే మా మేనేజర్ల మొహాలు ఎలా మారేవో నాకు తెలుసు. "ఏమండీ, ఒక్క నిమిషం ఆగండి" అని చెప్పి వెళ్లి, ఆ నోటీసు మీద వేలు పెట్టి "బుక్, ప్లీజ్" అన్నాను. అంతే. లోపలినుంచి ఇంకో ఆయన వచ్చాడు, సారీ చెప్పాడు, చీజ్ కొట్టేశాడు. 59.70 కట్టి బయటపడ్డాం.

తర్వాత అబ్బాయి వెతికి చెప్పాడు. ఇలా అడక్కుండా తెచ్చి పెట్టేవాటిని అక్కడ కువేర్ అంటారట. మనం అడగకపోతే, తినకపోతే దానికి డబ్బు తీసుకోకూడదని పోర్చుగల్‌లో చట్టమే ఉంది. తింటే మాత్రం కట్టాల్సిందే. ఫిర్యాదుల పుస్తకం ప్రతి హోటలూ, ప్రతి దుకాణమూ ఉంచాలి, అడిగితే ఇచ్చి తీరాలి. కాబట్టి బ్రెడ్డు వద్దనుకుంటే రాగానే "నో, థ్యాంక్యూ" అని వెనక్కి పంపండి. మొహమాటపడొద్దు, వాళ్లేమీ అనుకోరు.

గది సంగతి రెండో కథ. ప్రకటనలో దగ్గరలో లిఫ్ట్ అని ఉందట. మావాడు బిల్డింగ్‌లో ఉందనుకున్నాడు. తాళం ఇవ్వడానికి వచ్చిన అమ్మాయిని అడిగితే నవ్వుతూ కొండ కిందికి చూపించింది. బైషా నుంచి కోట ఉన్న కొండ మీదికి ఎక్కేవాళ్ల కోసం ఊరివాళ్లు పెట్టిన లిఫ్ట్ అది! మా గదికి మాత్రం 74 మెట్లు. లెక్కపెట్టింది మా ఆయనే, మోకాళ్లు ఆయనవే కాబట్టి. రాత్రికి 96 యూరోల చొప్పున నాలుగు రాత్రులకు 384. దాని మీద మనిషికి రాత్రికి 4 యూరోల చొప్పున టూరిస్టు పన్ను, ఇంకో 32. మావాడు ఆ పన్ను లెక్కలో వేయలేదు. మీరు వేసుకోండి.

కానీ ఆ గదిలోనే ఒక సరదా దొరికింది. బాత్‌రూమ్ తలుపు మీద పోర్చుగీసులో చీటీ అంటించి ఉంది. మా ఆయన కూడబలుక్కుని చదివారు. తువాల్య, అర్మారియు. "ఏవే, తువాళ్లు అల్మారాలో ఉన్నాయట!" నిజంగానే అల్మారా తెరిస్తే తువాళ్లు. ఇక అక్కణ్ణుంచి మన మాటల్లాంటి పోర్చుగీసు మాటలు వెతకడమే ఆయనకి పిచ్చి. పళ్ల కొట్టు దగ్గర అననాష్ చూసి అనాస, దర్జీ కొట్టు దగ్గర బొతావ్ చూసి బొత్తాం. నడిచినంత సేపూ వినలేక చచ్చాను.

నడక అంటే గుర్తొచ్చింది. లిస్బన్‌లో నడవాలంటే ముందు చెప్పులు చూసుకోండి. కాలిబాటలన్నీ చిన్న చిన్న తెల్ల రాళ్లు పేర్చి నలుపు రాళ్లతో ముగ్గులేసినట్టు చేస్తారు. చూడముచ్చటగా ఉంటాయి, నాలుగు చినుకులు పడితే సబ్బు మీద నడిచినట్టే. మేముండే అల్ఫామ పేటలో సందులు మెలికలు తిరిగి తిరిగి మళ్లీ మన ఇంటి ముందే తేలతాయి. 1755 నవంబరు 1న వచ్చిన భూకంపం, దాని వెంట సముద్రపు పోటు, మంటలు కలిసి ఊరిని తుడిచిపెట్టేశాయి. బైషాని గీత గీసినట్టు నిలువూ అడ్డం వీధులతో కొత్తగా కట్టారు. అల్ఫామ చాలావరకు నిలబడిపోయింది, అందుకే ఆ మెలికలు అలాగే ఉన్నాయి. దారి తప్పినా ఫర్వాలేదు, కిందికి దిగుతూ పోతే నది వస్తుంది. 28 నంబర్ ట్రామ్ ఎక్కమని అందరూ చెబుతారు. క్యూ చూసి మేము వదిలేశాం. అది పోయే దారంతా నడిచే చూశాం, జేబుదొంగల టెన్షన్ కూడా లేదు. సాంతా జుష్త అనే ఇనప లిఫ్ట్‌కి కూడా డబ్బు, సమయం రెండూ దండగ. కాలినడకన కార్ము చర్చి వైపు నుంచి వెళితే దాని పై అంతస్తు పక్కకే చేరతాం. ఆ చర్చికి ఆ భూకంపంలో పోయిన పైకప్పు ఇప్పటికీ లేదు, ఆకాశమే.

గురువారం మధ్యాహ్నం నాకు మాట్లాడే ఓపిక పోయింది. ఆయన మాత్రం "ఇంకో సందు, ఇంకో సందు" అంటున్నారు. అర్సెనాల్ వీధిలో గుప్పున వాసన. ఉప్పుచేప! కొట్ల ముందు పెద్ద పెద్ద కాడ్ చేపలు ఉప్పు పట్టించి, ఎండబెట్టి, అట్టల్లా పేర్చి ఉన్నాయి. మాది మచిలీపట్నం వైపు, ఆ వాసనకి నా విసుగు సగం దిగిపోయింది. ఆ చేప వాళ్ల సముద్రానిది కూడా కాదు, నార్వే, ఐస్‌లాండ్ వైపు నుంచి వస్తుంది.

ఆ వెనక సందులో ఒక తష్కా. అంటే మన మెస్సు లాంటిది. బయట పిలిచే మనిషి లేడు, మెనూలో బొమ్మలు లేవు. తలుపు మీద కాగితం ముక్క, చేత్తో రాసిన ఆ రోజు వంట. లోపల సిమెంటు బట్టలతో పనివాళ్లు, ఒక ముసలావిడ. ముందు బంగాళాదుంప, ఆకుకూర సూపు ఇచ్చారు, కాల్దు వెర్ద్ అంటారు. అందులో పంది మాంసం ముక్క వేస్తారు, వద్దని ముందే సైగ చేశాం. తర్వాత కరపావ్ అనే చిన్న చేపలు, తలతో సహా కరకరలాడేలా వేయించినవి, పక్కన టమాటా అన్నం. జారుగా, పులుపుగా, కాస్త వెల్లుల్లి వాసనతో. అన్నం! యూరప్‌లో మనిషికి లెక్కేస్తే అన్నం అందరికన్నా ఎక్కువ తినేది పోర్చుగీసువాళ్లేనట, ఆ గిన్నె చూస్తే నమ్మొచ్చు. కారం లేదనుకునేలోపు పిరిపిరి సీసా వచ్చింది. మా ఆయన తల కూడా ఎత్తలేదు, ముళ్లు తీయడం కూడా మానేసి నమిలేశారు.

బిల్లు అడిగితే హోటలాయన చెవి మీది పెన్ను తీసి, బల్ల మీద పరిచిన కాగితం మూల మీదే కూడాడు. సూపు, చేపలు, వైన్, కాఫీ, ఇద్దరికీ కలిపి 21.40. మా ఆయన ఆ కాగితం మూల చింపి పాస్‌పోర్టు కవర్లో పెట్టుకున్నారు. ఇలాంటిచోట సగం ప్లేటు కూడా ఇస్తారు, మెయ దోజ్ అని అడగండి, ఒక మనిషికి చాలు. పన్నెండున్నరకల్లా వెళ్లండి, రెండింటికి వంట అయిపోతుంది.

శుక్రవారం బెలేం అనే పేటకి వెళ్లాం. ట్రామ్‌లో డ్రైవర్ దగ్గర టికెట్ మూడు యూరోల పైనే. మెట్రో స్టేషన్‌లో అర యూరో కార్డు కొని డబ్బు వేసుకుంటే దాదాపు సగం ధరకే పోతుంది. జెరోనిముష్ మఠం పక్క చర్చిలోకి టికెట్ లేదు. లోపలికి వెళ్లగానే ఎడమ చేతి వైపు వాస్కో డ గామా సమాధి. ఆయన 1524లో కొచ్చిలో పోయారు. ముందు పాతిపెట్టిన చోటు అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో ఉంది, పదేళ్ల క్రితం చూశాం. 1539లో అవశేషాలను పోర్చుగల్‌కి తెచ్చుకున్నారు, ఈ చర్చికి మార్చింది మాత్రం 1880లో. ఆఫ్రికా, తూర్పు దేశాలతో చేసిన వ్యాపారం మీద వేసిన పన్నుతో ఈ మఠం కట్టారని చదివి మా ఆయన గోడని ఒకసారి తట్టి చూశారు, ఇది మన డబ్బే అన్నట్టు. 1837 నుంచి నడుస్తున్న పష్టెల్ (గుడ్డు కస్టర్డ్ నింపి కాల్చిన చిన్న టార్ట్) కొట్టు దగ్గర రోడ్డు మీది క్యూ చూసి భయపడొద్దు. అది పార్సిళ్లది. లోపల గదుల మీద గదులు ఉన్నాయి, పది నిమిషాల్లో చోటు దొరికింది. అప్పుడు ఒక్కోటి 1.40. వేడిగా, పైన దాల్చినచెక్క పొడి చల్లుకుని తినాలి. రెండు చాలనుకున్నాం, ఐదయ్యాయి.

శనివారం సింత్రా అనే ఊరు, రైల్లో నలభై నిమిషాలు. కోట బాగుంది, జనం ఎక్కువ.

ఆదివారం మధ్యాహ్నం విమానం. వెళ్లేముందు ఆ తష్కాలో ఇంకోసారి తినాలని ఆయన పట్టు. పెట్టె లాక్కుంటూ వెళితే షట్టర్ వేసి ఉంది. ఇలాంటి చిన్న హోటళ్లు ఆదివారం చాలావరకు ఉండవు, మాకు ముందు తోచలేదు. మెట్రో దగ్గర బేకరీ అద్దాల పెట్టెలో మూడు మూలల వేపుడు కనిపించింది. శముసా అన్నాడు కొట్టువాడు. గోవా నుంచి వచ్చిన మన సమోసానే, లోపల కాస్త కారం కూడా ఉంది. నిలబడే తిన్నాం. నేను ఒకటి, మా ఆయన మూడు. మొత్తం ఆరు యూరోలు, పుస్తకంలో రాసుకున్నారు.