కమర్షియల్ ప్రాపర్టీ లోన్లలో ఉద్యోగం: బ్యాంకా, ఎన్‌బీఎఫ్‌సీనా, గచ్చిబౌలి ఆఫీసా?

"బ్యాంకు పీఓ మెయిన్స్ రాశాను. ఇంకోపక్క ఎన్‌బీఎఫ్‌సీలో లాప్ క్రెడిట్ ఆఫర్ చేతిలో ఉంది. ఏది మేలంటారు?" (ఎన్‌బీఎఫ్‌సీ అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ, లాప్ అంటే ఆస్తి తాకట్టు మీద ఇచ్చే లోను, క్రెడిట్ అంటే ఆ లోను ఇవ్వొచ్చో లేదో చూసి తేల్చే పని.) నెలకి ముగ్గురైనా అడుగుతున్నారు. పోయిన నెల మా పిన్ని కొడుకు కూడా ఇదే అడిగేసరికి, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు రాసేద్దామని కూర్చున్నా. ఎన్‌బీఎఫ్‌సీల్లోనే ఆరేళ్లు సేల్స్‌లో తిరిగాను, ఆ తర్వాత నుంచి క్రెడిట్‌లోనే ఉన్నాను. కాబట్టి నా మాటలో పక్షపాతం ఉంటుంది, ముందే చెబుతున్నా.

జీతాలు, సెలవులు, ట్రాన్స్‌ఫర్ల సంగతి మీకు తెలిసిందే. ఉద్యోగ భద్రత ఒక్కటే చాలనుకుంటే బ్యాంకుకి వెళ్లండి, ఇక చదవక్కర్లేదు. నేను మాత్రం ఒక్కటే చూస్తాను: ఫైలుకి "కాదు" అన్నవాడి గతి ఆ ఆఫీసులో ఏమవుతుంది?

2019 మార్చి 30, విజయవాడ. నేనింకా సేల్స్‌లో ఉన్నా. గవర్నర్‌పేటలో మూడు షట్టర్ల కాంప్లెక్సు మీద కోటీ నలభై లక్షల లాప్. ఈసీ (ఆస్తి మీద పాత లావాదేవీలు చూపించే సర్టిఫికెట్) క్లీన్, లాయరు ఒపీనియన్ క్లియర్, వాల్యుయేషన్ మేం అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చింది. ఇయర్ ఎండ్ టార్గెట్‌కి ఆ ఒక్క ఫైలే తక్కువ. మా క్రెడిట్ మేడమ్ మాత్రం సాయంత్రం నాలుగింటికి లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు) ముందేసుకుని కూర్చున్నారు. 2009 నాటి సేల్ డీడ్‌లో అమ్మినవాళ్లు ఇద్దరు: తండ్రి, "మైనరు కుమారుడు, వయసు 6 సంవత్సరాలు, తరఫున తండ్రి". భాగపంపకాల్లో పిల్లాడి పేరున విడిగా వచ్చిన వాటాని తండ్రే సంతకం పెట్టి అమ్మేశాడు. "కోర్టు పర్మిషన్ ఏదండీ?" అన్నారావిడ.

1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం మైనరు స్థిరాస్తి అమ్మాలంటే తండ్రికైనా కోర్టు అనుమతి ఉండాలి. లేకపోతే ఆ పిల్లాడు మేజరయ్యాక మూడేళ్లలోపు అమ్మకం చెల్లదని కోర్టుకి వెళ్లొచ్చు. అప్పటికి ఆ అబ్బాయికి పదహారు. అంటే మనం ఇచ్చే లోను నడుస్తుండగానే వాడికి ఆ హక్కు వస్తుంది. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ ఆ రోజు "లాయరే ఓకే అన్నాక మధ్యలో మీకేంటండీ?" అని అరిచాను. ఫైలు ఆగింది, నా ఇన్సెంటివ్ పోయింది. పార్టీ రెండు వారాల్లో ఇంకో చోట లోను తెచ్చుకున్నాడు. పది రోజులు ఆవిడతో మాట్లాడలేదు, టీకి కూడా వేరే బడ్డీకి వెళ్లాను.

అయితే జోనల్ కాల్‌లో టార్గెట్ ఎందుకు తప్పిందని అడిగినప్పుడు మా బ్రాంచి మేనేజరు "కోర్టు ఆర్డరు లేదు సార్, నేనే ఆపాను" అన్నాడు. మేడమ్ పేరు ఎత్తలేదు. ఆ తర్వాత శనివారాలు ఆవిడ దగ్గరే కూర్చుని దస్తావేజులు చదవడం నేర్చుకున్నాను. సేల్స్ వదిలి క్రెడిట్‌కి రావడానికి కారణం అదే.

అంతకు ముందు పనిచేసిన కంపెనీలో తంతు వేరు. క్రెడిట్ కుర్రాడు కాదంటే పైనుంచి ఫోనొచ్చేది, "డీవియేషన్" (రూల్‌కి మినహాయింపు) రాసి పాస్ చేయించేవాళ్లు. ఆరు నెలలకి ఈఎమ్ఐ బౌన్సయితే నోట్ మీద ఉన్న పేరు ఆ కుర్రాడిదే. ఫోన్ చేసినవాళ్ల పేరు ఏ కాగితం మీదా ఉండదు కదా!

బ్యాంకులో పరిస్థితి దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ "కాదు" చవక. ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయితే స్టాఫ్ అకౌంటబిలిటీ, అంటే లోను పాస్ చేసిన ఉద్యోగి మీద విచారణ, మెడకు చుట్టుకుంటుంది కాబట్టి, అనుమానమొస్తే ఫైలు పక్కన పడేసినవాణ్ని ఎవరూ ఏమనరు. కారణం గట్టిగా చెప్పాల్సిన అవసరం రాదు, అందుకే కారణం వెతికే అలవాటూ రాదు. పైగా ఎస్‌బీఐ లాంటి చోట ఫైళ్లు బ్రాంచి నుంచి ఆర్‌ఏసీపీసీ, ఎస్‌ఎంఈసీసీ లాంటి లోన్ ప్రాసెసింగ్ సెంటర్లకి వెళ్తాయి. పార్టీ మొహం చూసేది ఒకరు, నిర్ణయం తీసుకునేది ఇంకొకరు. పీఓగా చేరాక క్రెడిట్ డెస్క్ ఎప్పుడొస్తుందో మీ చేతిలో ఉండదు, లాకర్లూ ఇన్సూరెన్సూ చూస్తూ ఏళ్లు గడిచిపోవచ్చు.

కానీ క్రెడిట్ డెస్క్ దొరికిందా, బ్యాంకులో చూసే సైజు ఫైళ్లు మా వాళ్లు కలలో కూడా చూడరు. పెద్ద ఆఫీసు బిల్డింగుల మీద ఎల్‌ఆర్‌డీ (రాబోయే అద్దెలు చూసి ఇచ్చే లోను) వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. తొమ్మిదేళ్ల లీజు, అందులో లాకిన్ (టెనెంట్ ఖాళీ చేయకూడని కాలం) మూడేళ్లే, లోను మాత్రం పన్నెండేళ్లు. నాలుగో ఏడు టెనెంట్ ఖాళీ చేస్తే ఈఎమ్ఐ ఎవడు కట్టాలి? 2020 తర్వాత ఆఫీసు ఫ్లోర్లు ఖాళీ అయినప్పుడు ఈ ప్రశ్న ముందే అడిగి ఉన్నవాళ్లు హాయిగా నిద్రపోయారు. అలాగే అద్దెల మీదే తీరే లోనైతే ఆర్‌బీఐ లెక్కలో సీఆర్‌ఈ (కమర్షియల్ రియల్ ఎస్టేట్ రుణం), సరిగ్గా కడుతున్న ఖాతాకే 1 శాతం ప్రొవిజన్, అంటే నష్టమొస్తుందేమోనని పక్కన పెట్టాల్సిన డబ్బు. అదే కాంప్లెక్సు తాకట్టు పెట్టి వ్యాపారం ఆదాయంతో తీర్చేదైతే సీఆర్‌ఈ కిందకి రాదు. ఈ తేడా బ్యాంకులో నేర్చుకున్నంత పద్ధతిగా మా దగ్గర ఎవరూ నేర్పరు.

ఎన్‌బీఎఫ్‌సీలో నేర్పేది వీధి. పీడీకి (పార్టీని నేరుగా కలిసి వివరాలు అడగడానికి) వెళ్లినప్పుడు ఓనరుతో మాట్లాడటం అయ్యాక, కింద షట్టరులో ఉన్న సెల్ రిపేరు అబ్బాయిని "అద్దె ఎంత కడుతున్నావు తమ్ముడూ?" అని అడగండి. అగ్రిమెంట్లో ముప్పై వేలుంటుంది, వాడు పద్దెనిమిది అంటాడు. సేల్స్, క్రెడిట్, కలెక్షన్ ఒకే గదిలో కూర్చునే చిన్న బ్రాంచి అయితే మీరు పాస్ చేసిన ఫైలు ఏడాది తర్వాత ఏమైందో కలెక్షన్ అన్న మీ టేబుల్ మీద చెయ్యి చరిచి మరీ చెబుతాడు. మనం ఎక్కడ పొరబడ్డామో తెలిసేది అప్పుడే. కష్టాలు లేవని కాదు. నెలాఖరు మూడు రోజులు ఇంటి మొహం చూడం. 2018 సెప్టెంబర్‌లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ పడిపోయి మార్కెట్లో డబ్బు బిగుసుకున్నప్పుడు మా సేల్స్ కుర్రాళ్లలో సగం మంది ఇళ్లకి వెళ్లిపోయారు. అయినా మొదటి ఐదేళ్లకి నా ఓటు ఇటే, అదీ సేల్స్‌కి కాదు, క్రెడిట్‌కి.

గచ్చిబౌలి వైపు అమెరికా కమర్షియల్ మార్ట్‌గేజ్ బ్యాక్ ఆఫీసులు బాగుంటాయి. రెంట్ రోల్ (టెనెంట్ల అద్దెల పట్టిక), ఎన్‌ఓఐ (ఖర్చులు పోను మిగిలే ఆదాయం), 1.25 డీఎస్‌సీఆర్ (ఆ ఆదాయం లోను కిస్తులకి 1.25 రెట్లు ఉండటం), ఎక్సెల్ చేతికి పట్టుబడుతుంది. అమెరికా వెళ్లే ఆలోచన ఉంటే ఇదే దారి. కానీ బిల్డింగ్ ఒహాయోలో, మీరు ఇక్కడ. టెనెంట్‌ని అద్దె ఎంతని అడిగే వీలుండదు. డీఎస్‌ఏ (లోను ఫైళ్లు తెచ్చి కమీషన్ తీసుకునే ఏజెన్సీ) పెట్టుకుంటానంటే ముందు పదేళ్ల పరిచయాలు సంపాదించుకుని పెట్టుకోండి.

మా తమ్ముడికి ఒకటే చెప్పి పంపాను: ఇంటర్వ్యూలో చివర ఏమైనా అడగమంటారు కదా, అప్పుడు "పోయిన మార్చిలో మీరు ఆపిన ఫైలు ఒకటి చెప్పండి సార్, ఆపినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు?" అని అడుగు. మొదటి కంపెనీ వాళ్లు నవ్వి మాట మార్చారట. రెండో చోట ఆ మేనేజరు గాజు తలుపు అవతల కూర్చున్న ఒకావిడని చూపించి, "అదిగో ఆవిడే, వెళ్లి మాట్లాడు" అన్నాడట. సోమవారం నుంచి గుంటూరు బ్రాంచిలో చేరుతున్నాడు. పీఓ రిజల్ట్ వస్తే ఏం చేస్తాడో మాత్రం మా పిన్నినే అడగాలి.