కొత్త ప్లగ్‌లు చూపించి అరిగిన ఇంజన్ అంటగట్టారు: సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కొనేవాళ్లకు హెచ్చరిక

శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్లి సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకుంటున్న వాళ్లు బయానా ఇచ్చే ముందు ఇది చదవండి. బానెట్ ఎత్తి "చూడండి సార్, నాలుగు ప్లగ్‌లూ కొత్తవే వేయించాం" అని ఎవరైనా అంటే సంబరపడిపోకండి. ప్లగ్ అంటే స్పార్క్ ప్లగ్, సిలిండర్‌లో పెట్రోల్‌కి నిప్పురవ్వ అంటించేది. "మరి పాతవి ఏవి?" అని అడగండి. నేను అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు నాకు 38,000 రూపాయలు వదిలాయి.

బండి 2012 మోడల్, ఏపీ 35 నంబరు, నాలుగు సిలిండర్ల చిన్న పెట్రోల్ కారు. బేరం 1,85,000 దగ్గర తెగింది. అమ్మినాయన కార్లు కొని అమ్ముకునే వ్యాపారి. పేరు రాయను. ఈ పని చేసేది ఆయనొక్కడే కాదు, పేరు రాస్తే మీరు ఆయన్ని వదిలేసి పక్కాయన దగ్గర పడతారు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఇంజన్ల గురించి కొంచెం తెలుసు. ఆ కొంచెమే కొంప ముంచింది. డ్రాగ్ రేసుల వీడియోలంటే నాకు పిచ్చి. తిన్నగా పావు మైలు, అంటే 402 మీటర్లు, ఎవరు ముందు దాటితే వాళ్లదే గెలుపు. అక్కడి ట్యూనర్లు సిలిండర్ లోపల మంట ఎలా మండుతోందో ప్లగ్ చూసి చెబుతారు. కొత్త ప్లగ్‌లు బిగించి, బండిని పూర్తి రేస్ మీద చివరిదాకా లాగి, గీత దాటగానే ఇంజన్ ఆపేస్తారు. ఐడిల్‌లో వెనక్కి నడిపించరు, ఇంకో బండితో లాక్కొస్తారు. ప్లగ్ మీద మిగిలేది అది చివరగా చేసిన పని గుర్తే కాబట్టి. కాసేపు ఐడిల్‌లో తిరిగిందంటే ఆ గుర్తు మీద మసి పడి చెరిగిపోతుంది. తర్వాత లైటున్న భూతద్దం పెట్టి చూస్తారు: పింగాణీ అడుగున మసి వలయం ఎంత చిక్కగా ఉంది, కొసన వంగి ఉండే కొక్కెం మీద వేడికి రంగు మారిన గీత ఎక్కడిదాకా వచ్చింది, పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు మెరిసే చుక్కలేమైనా ఉన్నాయా. ఆ చుక్కలు కనబడితే ఇంక ఆ ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. అవి పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం.

ఇంత తెలిసినవాణ్ని కదా! ట్రయల్‌కని తీసుకెళ్లి, ఖాళీ రోడ్డు చూసి, సెకండ్ గేర్‌లో ఫుల్‌గా తొక్కి, తిరిగొచ్చి ప్లగ్ విప్పించాను. అక్కడి కుర్రాడు చేతికి అందిన మొదటిది విప్పి నా చేతిలో పెట్టాడు. పింగాణీ మల్లెపువ్వులా ఉంది. నేను సెల్ఫోన్ లైటు వేసి, కళ్లు చిట్లించి, పెద్ద నిపుణుడిలా తలాడించాను. ఆ వ్యాపారి లోపల ఎంత నవ్వుకున్నాడో!

ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్లు మండుతోంది. కొత్త ప్లగ్‌కి రంగు ఎక్కాలంటే మామూలు వాడకంలో కొన్ని వందల కిలోమీటర్లు తిరగాలి. ఒక్కసారి తొక్కినంత మాత్రాన మామూలు కంటికి ఏమీ కనబడదు. పైగా నాలుగింటిలో ఒక్కటే చూశాను. బానెట్ మీద చెయ్యి వేస్తే నేను వెళ్లేసరికే వెచ్చగా ఉంది. "ఇప్పుడే కడిగించి తెచ్చాం సార్" అన్నారు. కడిగిన బండి చల్లగా ఉండాలి కదా అన్న సంగతి నాకు నాతవలస దగ్గర హైవే ఎక్కాక తట్టింది. అప్పటికి డబ్బు ఇచ్చేశాను.

ఇంటికి చేరిందాకా బండి బ్రహ్మాండంగా నడిచింది. నెల తిరిగేసరికి పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి నీలంగా పొగ, రెడ్ సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్‌లో చిన్న వణుకు. 1,100 కిలోమీటర్ల దగ్గర ఆయిల్ పుల్ల తీసి చూస్తే కింది గీతకి కూడా తడి లేదు. కింద చుక్క కారలేదు. మరి ఆయిల్ ఏమైపోయినట్టు?

మా ఊళ్లో నాకు తెలిసిన షెడ్డుకి తీసుకెళ్లాను. మేస్త్రి పెద్దాయన, కార్బ్యురేటర్ల కాలం నుంచి ఇదే పని. ఇంజన్ చల్లారేదాకా విప్పనన్నాడు. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్‌లో మరలు తినేస్తాయట. గంట కూర్చోబెట్టాడు. తర్వాత ప్లగ్ గుంతల్లోకి గాలి కొట్టి దుమ్ము ఊది, నాలుగూ విప్పి, ఏ సిలిండర్‌ది ఆ వరసలోనే పాత పేపరు మీద పెట్టాడు. ఒకటి, రెండు, నాలుగు లేత గోధుమ రంగులో పొడిగా ఉన్నాయి. మూడోది మాత్రం కాటుక గిన్నెలో ముంచినట్టుంది. మర మొదలు దాకా నల్లటి జిడ్డు.

దాన్ని పేపరు మీద రుద్దాడు. "పెట్రోలైతే ఈపాటికి ఎగిరిపోను. చూడు బాబూ, ఇది ఎలా పాకుతోందో" అన్నాడు. నిజమే, మరక చుట్టూ కాగితం నూనె పకోడీలు చుట్టినట్టు పారదర్శకంగా అవుతోంది. వేలికి రాసుకుని వాసన చూశాడు, నన్నూ చూడమన్నాడు. పెట్రోల్ వాసన లేదు.

అప్పుడే ఇంకోటి చూపించాడు. నేను ఈ పోస్ట్ రాస్తున్నది అసలు దానికోసమే. ప్లగ్‌లు నాలుగూ ఎన్‌జీకే కంపెనీవే. మూడింటి మీద నంబరులో 6 ఉంటే, మూడో సిలిండర్ దాని మీద 5 ఉంది. ఎన్‌జీకేలో అంకె తగ్గేకొద్దీ ప్లగ్ వేడెక్కువ పట్టి ఉంచుతుంది. బాష్ కంపెనీ ప్లగ్‌లలో దీనికి తిరగబడి, అంకె పెరిగితే వేడి. వేడి ప్లగ్ వేస్తే కొస మీద పడిన ఆయిల్‌ని కొంతకాలం కాల్చేస్తుంది, మిస్సింగ్, అంటే ఆ సిలిండర్ మధ్యమధ్యలో మండకుండా తప్పడం, వెంటనే బయటపడదు. "ఏ సిలిండర్ పోయిందో తెలిసినోడే ఇది బిగించినాడు. నీకు అమ్మే దాకా ఆగితే చాలు వాడికి" అన్నాడు మేస్త్రి. నాకు నోట మాట రాలేదు. చూసుకోకుండా అమ్మారనే అప్పటిదాకా అనుకుంటున్నాను.

సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెడితే మిగతా మూడు సిలిండర్లు 160, 165 పీఎస్‌ఐ చూపించాయి. మూడోది 110. అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 150కి ఎక్కింది. ఆయిల్ పోస్తే పెరిగిందంటే లీకు పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్క నుంచి. పెరగకపోతే వాల్వ్‌ల వైపు చూడాలి. ఇంజన్ దింపి రింగులు, వాల్వ్ సీళ్లు, గ్యాస్‌కెట్లు వేసి, కూలీతో కలిపి 38,000 అయింది. బోరుకి, అంటే సిలిండర్ లోపలి గోడకి, గీతలు పడలేదు, అదొక్కటే అదృష్టం.

వ్యాపారికి ఫోన్ చేశాను. "కొత్త ప్లగ్‌లు వేసివ్వడం కూడా తప్పేనా బాబూ?" అన్నాడు. 5, 6 సంగతి అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మా కుర్రాడు ఏది దొరికితే అది వేసుంటాడు" అని పెట్టేశాడు. నేను సంతకం పెట్టిన కాగితంలో "బండి ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను" అని ఒక లైను ఉంది. మీరు అలాంటి లైను ఉందేమో చదివాకే సంతకం పెట్టండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను, ప్లగ్‌ల ఫొటోలు, షెడ్డు బిల్లు దాచాను.

మీరు వెళ్లినప్పుడు ముందు ఫోన్ చేయకుండా పొద్దున్నే వెళ్లండి, చల్లటి ఇంజన్ మీ కళ్లముందు స్టార్ట్ కావాలి. తెలిసిన మెకానిక్‌కి ఒకరోజు కూలీ ఇచ్చి వెంట తీసుకెళ్లండి. నాలుగు ప్లగ్‌లూ విప్పించి పక్కపక్కన పెట్టి చూడాలి. నాలుగూ ఒకేలా పొడి మసితో నల్లగా ఉంటే అది పెట్రోల్ ఎక్కువ తాగడం. ఎయిర్ ఫిల్టరో, సెన్సరో కావచ్చు, దానికి భయపడి బండి వదులుకోనక్కర్లేదు. ఒక్కటి వేరుగా ఉందంటే ఆ సిలిండర్‌లో ఏదో ఉంది. ఒక్కటే కడిగేసినంత శుభ్రంగా ఉండి మిగతావి రంగు తేలితే రేడియేటర్ నీళ్లు లోపలికి వస్తున్నాయేమో, హెడ్ గ్యాస్‌కెట్ చూపించండి. జిడ్డు పైభాగంలో, ప్లగ్‌కి కరెంటు ఇచ్చే కాయిల్ కూర్చునే గుంతలో మాత్రమే ఉంటే అది పైమూత గ్యాస్‌కెట్ లీకు, తక్కువలో పోతుంది. కొస మీద ఉంటేనే గుండె గుభేలు. నంబర్లు నాలుగింటి మీదా ఒకటేనా చూడండి. అన్నీ తళతళలాడే కొత్తవైతే ప్లగ్ చూడ్డం మానేసి కంప్రెషన్ టెస్ట్ అడగండి. ఒప్పుకోకపోతే బస్సెక్కి వచ్చేయండి.

రంగు విషయంలో పాతకాలం వాళ్ల మాట యథాతథంగా పట్టుకోకండి. ప్లగ్ ఇటుక రంగులో ఉండాలని మా నాన్నగారు అనేవారు. అది సీసం కలిసిన పెట్రోల్ రోజుల మాట. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోల్ వచ్చేసింది. ఇప్పుడు బాగున్న ప్లగ్ కూడా పాలిపోయినట్టే ఉంటుంది.

ఇంకో మాట, ఆ వీడియోలు చూసి హైవే మీద తాళం తిప్పి ఇంజన్ ఆపే ప్రయోగం చేయకండి. బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడి తొక్కినా సరిగ్గా పడదు, స్టీరింగ్ లాక్ పడినా పడుతుంది. వాళ్లది మూసిన ట్రాక్. మనకి ఎదురుగా పలాస లారీ వస్తుంటుంది.

రింగులు వేశాక ఇప్పటికి 600 కిలోమీటర్లు తిరిగాను. నాలుగూ 6 నంబరువే బిగించారు. వెయ్యి దాటాక మళ్లీ షెడ్డుకి రమ్మన్నాడు మేస్త్రి, మూడోది విప్పి చూడ్డానికి.