ముందు ఓపీ చీటీనా, రోగి రికార్డా?

జిల్లా ఆసుపత్రిని డిజిటల్ చేయాలంటే మొదట తేల్చుకోవాల్సింది ఇదే.

ఓపీ కౌంటర్‌తో మొదలుపెడితే ఫలితం వెంటనే కనిపిస్తుంది. ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) ప్రొఫైల్ షేర్ చేస్తే టోకెన్ వస్తుంది. పేరు, వయసు మళ్లీ చెప్పక్కర్లేదు. కానీ కీప్యాడ్ ఫోన్‌తో దేవరకొండ తండా నుంచి వచ్చిన అవ్వకు పాత లైనే దిక్కు.

రికార్డులతో మొదలుపెట్టడం కష్టమే. డాక్టర్ రోజూ టైప్ చేయాలి, ల్యాబ్ రిపోర్టు రోగి ఆభా నంబర్‌కే చేరాలి, కరెంటు పోయినా పని ఆగకూడదు. అయినా నా ఓటు దీనికే. మా పాలమూరు నుంచి పుణె, ముంబై వలస పోయే కూలీల దగ్గర చూడండి: పాలిథిన్ కవర్‌లో నాలుగు మడతల చీటీ, చెమటకు అలుక్కుపోయిన సిరా. బీపీ మాత్ర పేరు కనబడక కొత్త డాక్టర్ అన్నీ మొదటి నుంచి అడగాల్సిందే. 2021లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో 14 అంకెల ఆభా నంబర్ ఉన్నది ఈ అవసరానికే. అక్కడి ఆసుపత్రి కూడా ఇందులో చేరి, రోగి ఒప్పుకుంటే రికార్డు తెరుచుకుంటుంది. ఇక్కడ ఎక్కించిందే లేకపోతే ఆ నంబర్ ఉండీ లాభం లేదు.

అన్నీ ఒకేసారి వద్దు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులతో మొదలుపెట్టి, మందుల చీటీ, ల్యాబ్ ఫలితం ఎక్కిస్తే చాలు. కౌంటర్ పని ఆరు నెలల తర్వాత చూసుకోవచ్చు.