గ్లోమస్ గడ్డకు మామూలు బ్రెయిన్ ఎంఆర్ఐ చాలదు: స్కల్ బేస్ ప్రోటోకాల్ స్కాన్‌పై సమీక్ష

చెవిలో నాడి కొట్టుకుంటున్నట్టు ఆగని చప్పుడు, కర్ణభేరి వెనక ఎర్రటి బుడిపె. ఇవి కనిపించినా చాలాసార్లు 5 మిల్లీమీటర్ల ముక్కలతో మామూలు బ్రెయిన్ ఎంఆర్ఐ తీసి పంపేస్తుంటారు. పుర్రె అడుగున, మెదడు నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే జుగులర్ సిర దగ్గర పుట్టే గ్లోమస్ జుగులారే లాంటి రక్తనాళాల గడ్డను తేల్చడానికి ఆ స్కాన్ పనికిరాదు.

పుర్రె అడుగుభాగాన్ని సన్నని ముక్కల్లో చూసే స్కల్ బేస్ ప్రోటోకాల్‌కు పెట్టిన డబ్బు మాత్రం వృథా కాదు. 3 మిల్లీమీటర్లు దాటని ముక్కలు, కాంట్రాస్ట్ మందు ఎక్కించక ముందు కొవ్వు వెలుగును అణచని టీ1 (ఒక రకం ఎంఆర్ఐ చిత్రం), తర్వాత కొవ్వు అణచిన టీ1, టైమ్ రిజాల్వ్డ్ ఎంఆర్ యాంజియో (రక్తనాళాలు ఏ వరసలో నిండుతున్నాయో చూపే స్కాన్) ఇందులో ఉండాలి. టైము కలిసొస్తుందని ముందు తీయాల్సిన టీ1ను ఎగ్గొట్టకూడదు. ఎముక మూలుగలోని కొవ్వు అందులో తెల్లగా కనిపిస్తుంది. గడ్డ పాకినచోట ఆ తెలుపు పోతుంది. ఉప్పూ మిరియాలూ చల్లినట్టుండే గుర్తు కోసం కూడా చూడాలి. నల్లచుక్కలు రక్తం వేగంగా పారే నాళాలు, తెల్లవి ఎక్కువగా లోపల కారి నిలిచిన రక్తం. సెంటీమీటరు లోపు గడ్డల్లో ఈ గుర్తు సాధారణంగా ఉండదు, అది లేదని గ్లోమస్‌ను కొట్టిపారేయకూడదు.

యాంజియోలో గ్లోమస్ ధమనులతో పాటే నిండుతుంది, ష్వానోమా (నరం పొర నుంచి పుట్టే గడ్డ) నిదానంగా నిండుతుంది. జుగులర్ సిరలో రక్తం మందగించినా గడ్డలాగే వెలుగుతుంది కాబట్టి అనుమానముంటే ఎంఆర్ వీనోగ్రఫీ (సిరలను చూపే స్కాన్) కలపాలి.

సీటీ లేకుండా ఇది సగం పనే. టెంపోరల్ బోన్ (చెవి చుట్టూ ఉండే ఎముక) సీటీ 0.6 మిల్లీమీటర్ల ముక్కల్లో, ఎముక స్పష్టంగా కనిపించే బోన్ విండోలో కావాలి. గ్లోమస్, జుగులర్ సిర పుర్రెలోంచి బయటికొచ్చే జుగులర్ రంధ్రం అంచుల్ని చెదలు తిన్నట్టు కొరుకుతుంది. ష్వానోమా అదే రంధ్రాన్ని నున్నగా వెడల్పు చేస్తుంది. జుగులర్ బల్బ్ (ఆ సిర పైన ఉబ్బిన భాగం) పైనున్న పల్చటి ఎముక పలక చెక్కుచెదరకపోతే అది మధ్యచెవిలోనే పుట్టిన గ్లోమస్ టింపానికమ్ అయ్యుండొచ్చు, ఆపరేషన్ చాలా చిన్నదవుతుంది. దారితప్పి మధ్యచెవిలోకి వచ్చిన కెరోటిడ్ (మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని) కూడా ఎర్రగానే కనిపిస్తుంది. సీటీ చూడకుండా బయాప్సీ సూది పెట్టడం ప్రాణాంతకం.

కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కించి ఇలాంటి గడ్డల్ని ఒళ్లంతా వెతికే గాలియం-68 డోటాటేట్ పెట్ సీటీ అందరికీ మొదట్లోనే అక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి గడ్డ ఉన్నా, ఇలాంటి గడ్డలు తెచ్చే ఎస్‌డీహెచ్ జన్యులోపం తేలినా, మెడలో ఇంకోటి కనిపించినా చేయించాలి. మెనింజియోమా (మెదడు పొరల గడ్డ) కూడా ఇందులో వెలుగుతుంది, కాబట్టి వెలిగిందల్లా గ్లోమస్ కాదు. మందులోని రేడియోధార్మికత 68 నిమిషాల్లో సగమైపోతుంది, చెప్పిన టైముకు చేరుకోవాలి.

ఫిల్ములతో సరిపెట్టుకోవద్దు, స్కాన్ అసలు డిజిటల్ ఫైళ్లుండే డికామ్ సీడీ అడగండి. కెరోటిడ్ కాలువ, హైపోగ్లాసల్ కాలువ (నాలుకను కదిపే నరం వెళ్లే దారి), డ్యూరా (మెదడు పైపొర) లోపలికి గడ్డ పాకిందా లేదా అనేది రిపోర్టులో లేకపోతే రేడియాలజిస్టుతో మాట్లాడి రాయించుకోండి.